మటవాన్ గెడ్డ దగ్గర

మాది భీమిలి. గోస్తనీ సముద్రంలో కలిసేచోట, పోటు ఎక్కినప్పుడు నీళ్లు వెనక్కి తిరిగి ఊరివైపు పారడం చూస్తూ పెరిగాను. అలాంటి నేను కూడా, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న మటవాన్ ఊరి గెడ్డలోకి, అంటే వాగులోకి, సొరచేప వచ్చి ఇద్దర్ని చంపిందని విన్నప్పుడు నమ్మలేదు. 1916లో ఆ ఊరివాళ్లూ నమ్మలేదట. అది తెలిశాక వెళ్లి చూడకుండా ఉండలేకపోయాను.

జులైలో ఒక వారాంతం నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అబ్బాయి బయల్దేరాం. ఆ 1916 జులైలో న్యూజెర్సీ తీరంలో సొర దాడులు మటవాన్ ఒక్కచోటే కాదు, అంతకుముందు ఇంకో రెండుచోట్లా జరిగాయి; అవి జరిగిన వరసలోనే దక్షిణం నుంచి పైకి రావాలని అనుకున్నాం.

ముందు బీచ్ హేవెన్. 1916 జులై 1 సాయంత్రం ఎంగిల్‌సైడ్ హోటల్లో దిగిన చార్ల్స్ వాన్సంట్ అనే ఫిలడెల్ఫియా యువకుడు, భోజనానికి ముందు ఓసారి మునిగొద్దామని వెళ్లాడు. ఒడ్డున కనిపించిన కుక్కతో ఆడుతూ ఈదాడు. అతను అరుస్తుంటే కుక్కను పిలుస్తున్నాడనే అందరూ అనుకున్నారు. లైఫ్‌గార్డు బయటికి లాగేసరికి ఎడమ తొడ మీద కండ లేదు. హోటల్ మేనేజర్ బల్ల మీద పడుకోబెడితే అక్కడే నెత్తురు పోయి చనిపోయాడు. ఆ పాత హోటల్ ఇప్పుడు లేదు. అతనున్నచోట నీళ్ల లోతు మూడున్నర అడుగులని చదివాను కాబట్టి, నేనూ దిగి అంత లోతులో నిలబడ్డాను. నడుం దాటి కొంచెం పైకి వచ్చాయి, అంతే. పక్కనే నాలుగేళ్ల పిల్లని తండ్రి భుజాల మీద ఎక్కించుకుని ఆడిస్తున్నాడు.

అక్కణ్ణుంచి స్ప్రింగ్ లేక్. ఇక్కడి బోర్డ్‌వాక్ మీద కొట్లూ గోలా ఉండవు, రెండు మైళ్ల పొడవునా చెక్క బాట, పక్కన సముద్రం. దానికి ఎదురుగా ఎసెక్స్ అండ్ సస్సెక్స్ హోటల్ భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. ఎత్తయిన తెల్లటి స్తంభాలు. ఇప్పుడందులో పెద్దవయసు వాళ్లు ఉండే అపార్ట్‌మెంట్లున్నాయి. చార్ల్స్ బ్రూడర్ ఇక్కడే పనిచేసేవాడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాడు, అతిథుల సామాన్లు మోసే కుర్రాళ్లకు పెద్ద. జులై 6న ఒడ్డుకు 130 గజాల దూరంలో ఈదుతుంటే సొర పట్టింది. ఒడ్డున ఒకావిడ ఎర్ర పడవ ఏదో బోల్తా పడిందని లైఫ్‌గార్డులకు చెప్పింది. అది పడవ కాదు, నెత్తురు. స్విట్జర్లాండ్‌లో ఉన్న అతని తల్లి కోసం హోటల్లోని అతిథులూ పనివాళ్లూ చందాలు వేసుకున్నారు. ఇంటికి డబ్బు పంపే కొడుకు పరాయి దేశంలో ఇలా పోయాడంటే, మా ఆవిడ ఆ స్తంభాలకేసి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

ఇంత జరిగినా, ఈ తీరంలో సొర మనిషిని కరవదన్న పెద్దవాళ్ల నమ్మకం సడలలేదు. 1891లోనే హెర్మన్ ఓల్రిక్స్ అనే ధనవంతుడు, నార్త్ కరోలినా తీరంలోని కేప్ హాటరస్‌కు ఉత్తరాన సొర మనిషిని కరిచిందని రుజువు చూపిస్తే 500 డాలర్లిస్తానని ప్రకటించాడు. ఆ డబ్బు ఎవరూ గెలుచుకోకపోవడమే శాస్త్రజ్ఞులకు ఒక ఆధారమైంది. జులై 8న న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ పెద్దలు విలేకరులను పిలిచి, మూడో దాడి జరిగే అవకాశం తక్కువని చెప్పారు. మూడోది నాలుగు రోజుల్లోనే జరిగింది.

ఆ రాత్రి అమ్మతో వీడియోకాల్‌లో ఈ సంగతి చెప్పాను. సొర మా ఇంట్లో కొత్త మాట కాదు. బాలింతలకు పాలసొర పుట్టు వండి పెట్టేవాళ్లం. "పోటు నీళ్లలో ఏదైనా ఎక్కుద్దిరా, దానికి సముద్రమనీ గెడ్డనీ తెలుసా ఏటి?" అంది అమ్మ.

ఆదివారం మటవాన్ వెళ్లేసరికి ఆటు. గెడ్డ అడుగున నల్లటి బురద బయటపడి ఉంది. రెండు వైపులా రెల్లు, మధ్యలో సన్నటి నీటి చాలు. అక్కణ్ణుంచి సముద్రం ఎక్కడా కనిపించదు. "ఇందులోకా నాన్నా?" అన్నాడు మావాడు.

1916 జులై 12. థామస్ కాట్రెల్ అనే రిటైరైన ఓడ కెప్టెన్, వంతెన మీద నుంచి ఎనిమిది అడుగుల సొరను కళ్లారా చూశాడు. ఊళ్లోకి పరుగెత్తి అందరికీ చెప్పాడు. ఎండకు పెద్దాయన మతి పోయిందనుకున్నారు. అంతలో లెస్టర్ స్టిల్‌వెల్ అనే పదకొండేళ్ల పిల్లవాడు స్నేహితులతో వైకాఫ్ రేవు దగ్గర దిగాడు. నీళ్లలో ఏదో పాత చెక్క ముక్క తేలుతోందనుకున్నారు పిల్లలు. దానికి రెక్క ఉందని తెలిసేలోపే లెస్టర్ మునిగిపోయాడు. మిగతావాళ్లు ఒంటిమీద బట్టల్లేకుండానే మెయిన్ స్ట్రీట్ మీద అరుస్తూ పరుగెత్తారు.

లెస్టర్‌కు మూర్ఛ ఉంది. నీళ్లలో ఫిట్స్ వచ్చి ఉంటుందని పెద్దవాళ్లు అనుకున్నారు. స్టాన్లీ ఫిషర్, 24 ఏళ్లవాడు, ఊళ్లో టైలర్, వెతకడానికి దిగాడు. పిల్లలు సొర అని అరుస్తూనే ఉన్నారు. పిల్లవాడి శరీరం అతని చేతికి దొరికింది కూడా. అంతలో సొర కుడి తొడ పట్టుకుంది. రైల్లో లాంగ్ బ్రాంచ్ ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఆ సాయంత్రమే పోయాడు. అరగంట తేడాలో దిగువన జోసెఫ్ డన్ అనే పిల్లవాడినీ పట్టుకుంది. అతణ్ణి తోటివాళ్లు లాగి కాపాడారు. న్యూ బ్రన్స్‌విక్ సెయింట్ పీటర్స్ ఆస్పత్రిలో రెండు నెలలుండి బతికి ఇంటికెళ్లాడు. మావాడు పుట్టింది ఆ ఆస్పత్రిలోనే.

తర్వాత ఊరివాళ్లు గెడ్డలో డైనమైట్ పేల్చారు, ఇనప వలలు కట్టారు. లెస్టర్ శరీరం రెండు రోజులకు దొరికింది. జులై 14న రారిటన్ బేలో మైకేల్ ష్లైసర్ అనే అతను ఏడున్నర అడుగుల గ్రేట్ వైట్ సొరను చంపితే, దాని కడుపులో మనిషివిగా తోచిన మాంసం, ఎముకలు ఉన్నాయి. దాడులు దాని పనేనని కొందరన్నారు. మంచినీళ్లలోకి కూడా ఎక్కగలిగేది బుల్ షార్క్ కాబట్టి, గెడ్డలోకి వచ్చింది అదేనని ఇంకొందరి వాదన. ఏ జాతి అన్న వాదన మీద నాకు అంత పట్టింపు లేదు. కాట్రెల్ మాట ఒక్కరు విన్నా ఆ పిల్లవాడు బతికేవాడన్నదే నా బాధ.

రోజ్ హిల్ శ్మశానంలో లెస్టర్ సమాధి చిన్నది. దాని మీద ఎవరో ప్లాస్టిక్ సొర బొమ్మ పెట్టి వెళ్లారు. మావాడు వంగి చూసి, "ఇది ఇక్కడ పెట్టకూడదు కదా నాన్నా" అన్నాడు. అవునన్నాను. ఫిషర్ సమాధి దగ్గర ఇద్దరం చెప్పులు విడిచి నిలబడ్డాం.

ఇంటికెళ్లే ముందు మళ్లీ గెడ్డ దగ్గర ఆగాం. పోటు ఎక్కుతోంది. పొద్దున చూసిన బురద లేదు, నీళ్లు రెల్లు మొదళ్లు ముంచేశాయి, అడుగు కనబడట్లేదు. మావాడు ఒక పుల్ల విసిరాడు. అది ఒక్క క్షణం ఆగి, తిరిగి, సముద్రం వైపు కాకుండా ఊరి లోపలికి కొట్టుకుపోయింది.