మేత భూమిలో సారం ఎటు పోతోంది?

మేత భూమి సారం తగ్గిందనగానే ఎరువు బస్తాల లెక్క మొదలవుతుంది. నా దృష్టిలో ముందు చూడవలసింది, ఉన్న సారం ఎక్కడికి చేరుతోందన్నది. పశువు తిన్న గడ్డిలోని పోషకాల్లో అధికభాగం పేడగా, మూత్రంగా మళ్ళీ నేలకే చేరుతుంది. వెయ్యి లీటర్ల ఆవు పాలతో పొలం దాటిపోయే భాస్వరం సుమారు 1 కిలో మాత్రమే.

చిక్కంతా అవి పడే చోటుతోనే. పశువు పొలమంతా మేసినా, నెమరు వేస్తూ నిలబడేది చెట్టు నీడన, నీటి తొట్టి దగ్గర, గేటు పక్కన. అలా దూరపు మూలల సారాన్ని ఏళ్ళ తరబడి ఈ రెండు మూడు చోట్లకే అది చేరవేస్తుంది. తొట్టి అంచున నేల తొక్కిడికి బోడిగా ఉంటుంది; దానికి కాస్త అవతల గడ్డి నల్లగా ఏపుగా పెరుగుతుంది; గట్టు చివర మాత్రం పాలిపోయి పలచగా కనిపిస్తుంది. పాడి ఆవు ఒకసారి మూత్రం పోసిన చోట పడే నత్రజనిని హెక్టారు లెక్కకు మారిస్తే 500 నుంచి 1000 కిలోల దాకా తేలవచ్చు. అంత నత్రజనిని ఏ గడ్డీ పీల్చుకోలేదు కనుక కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి వాననీటితో వేళ్ళ కిందికి దిగిపోతుంది. భాస్వరం దాదాపు అంతా పేడలోనే ఉంటుంది. పేడపురుగులు దాన్ని మట్టిలోకి దించేదాకా అది పైనే పడి ఉంటుంది, ఆ చుట్టుపక్కల గడ్డిని పశువు ముట్టదు.

కాబట్టి పొలాన్ని చిన్న మడులుగా విభజించి, ప్రతి మడిలోనూ నీరు అందేలా చూసి, మందను తరచుగా ఒక మడినుంచి మరో మడికి మార్చడం ఎరువు కొనడం కంటే ముందు చేయవలసిన పని. బయటినుంచి తెచ్చిన ఎండుగడ్డిని కూడా సారం బాగా తగ్గిన మడిలోనే, రోజుకొక చోట వేయాలి.

మట్టి పరీక్షకు నమూనా తీసేటప్పుడు నీడను, తొట్టిని, గేటును, పేడ పడిన చోటును తప్పించి, అడ్డదిడ్డంగా నడుస్తూ పదిహేను ఇరవై చోట్ల ఒకే లోతున మట్టి తీయాలి. చెట్టు కింది మట్టి ఒక్క దోసెడు కలిసినా ఫలితం పొలమంతా సారవంతమని చెప్పవచ్చు!

నేల ఆమ్లత్వం ఎక్కువగా ఉంటే సున్నానిదే తొలి వంతు. ఉదజని సూచిక (pH) 5.5 కంటే దిగితే అల్యూమినియం కరిగి వేళ్ళను దెబ్బతీస్తుంది, క్లోవర్ వంటి పప్పుజాతి మేత మొక్కల వేరుబుడిపెలు సరిగా ఏర్పడవు. ఆ మొక్కలు బాగుంటే ఈ బుడిపెల ద్వారా నత్రజనిని గాలినుంచే తెస్తాయి; యూరియా మోతాదు పెంచితే గడ్డి ఎదిగి వాటిని అణగదొక్కుతుంది.

ఎండుగడ్డి కోసి తీసుకుపోయే మడి సంగతి వేరు. ఒక టన్ను ఎండుగడ్డితో సుమారు 20 కిలోల పొటాషియం వెళ్ళిపోతుంది, అందువల్ల పొటాష్ (పొటాషియం ఎరువు) అక్కడే వేయాలి, అదీ కోత అయ్యాక. పాడి ఆవులు లేత గడ్డి మేసే కాలానికి ముందు వేస్తే, గడ్డి పొటాషియంను అతిగా పీల్చుకోవడంతో ఆవులకు మెగ్నీషియం కొరవడి, వణుకుతూ పడిపోయే ప్రమాదం ఉంది.