కిటికీలో దీపం, వీధిలో గడ్డి వేషాలు: డింగిల్‌లో క్రిస్మస్

ఐర్లండ్‌లో క్రిస్మస్ చూడాలంటే డబ్లిన్ వీధి దీపాల దగ్గరే ఆగిపోకూడదు. ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్పక వెళ్లాలి. కార్క్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిని స్నేహితురాలు అలా పిలవడంతో, మేమిద్దరం కెర్రీ కౌంటీలోని డింగిల్ చేరాం.

డిసెంబర్ 24న నాలుగున్నరకే పొద్దు గుంకింది. ఇంట్లో అందరికన్నా చిన్నదైన మనవరాలి చేత నాయనమ్మ వీధివైపు కిటికీలో ఎర్రని కొవ్వొత్తి వెలిగింపజేసింది. తలదాచుకునే చోటు దొరకని మరియమ్మ, యోసేపులకు ఈ ఇంట చోటుందని చెప్పే దీపమట అది. క్యాథలిక్ పూజలపై ఆంక్షలున్న రోజుల్లో, రహస్యంగా తిరిగే గురువులకు అదే గుర్తుగా ఉండేదనీ చెబుతారు. 1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్, విదేశాలకు వలసపోయిన ఐరిష్ ప్రజల కోసం తన అధికార నివాసం కిటికీలో దీపం పెట్టించారు. మేమున్న ఇంటి నాయనమ్మ కొడుకు సిడ్నీలో ఉంటాడు. ఆమె ఫోనులో అతనికి ఆ వెలుగు చూపిస్తుంటే, బిడ్డను దూరదేశం పంపిన తల్లిగా నాకు గొంతు పూడుకుపోయింది.

26న ఊరంతా వీధుల్లోనే ఉంది. ఆ రోజును రెన్ డే అంటారు. పూర్వం కుర్రాళ్లు రెన్ అనే బుల్లి పిట్టను వేటాడి, కొమ్మకు కట్టి, ఇంటింటికీ తిరిగి డబ్బులు అడిగేవారు. దాక్కున్న స్తెఫాను అనే క్రైస్తవ పునీతుడి జాడను ఆ పిట్టే బయటపెట్టిందని కథ. ఇప్పుడు పిట్టను చంపరు. ఎంతో మంచి మార్పు. గడ్డితో అల్లిన దుస్తులు, ముఖం కనబడనివ్వని గడ్డి టోపీలు, డోళ్లు, పిల్లనగ్రోవులు, ముందు ఎగిరే కొయ్యగుర్రం! 'గ్రీన్ అండ్ గోల్డ్' బృందం మా పక్కనుంచే సాగిపోయింది. పోగైన డబ్బు సేవాకార్యాలకు వెళుతుంది. వేషం వెనక ఉన్నది పొరుగింటివాడో, డాక్టరో తెలియదు. ఊరు ఊరంతా అలా ఒక్కటై ఆడటం చూసి తీరాలి.

జనవరి 6 కోసం మళ్లీ వెళ్లాం. అది 'మహిళల క్రిస్మస్'. కార్క్, కెర్రీ ప్రాంతాల్లో ఈ ఆచారం గట్టిగా నిలిచింది. ఆ రోజు వంట, గిన్నెలు మగవాళ్లవి. ఆడవాళ్లు బయటికి వెళతారు. పండుగ పనంతా భుజాన మోసినవారికి ఒక రోజు విడిచిపెట్టడం న్యాయం కాదా? ఇంటాయన బంగాళాదుంపలు చెక్కుతుండగా, పెద్దావిడ నన్నూ అమ్మాయినీ వెంటబెట్టుకుని హోటల్‌కు బయలుదేరింది. టీ, కేకు, పాత కబుర్లు అయ్యేసరికి రాత్రి పది దాటింది.