అర్జీలో కొట్టేసిన వాక్యాలు

కథలు రాయడం నాకు అర్జీలు రాయడంతో మొదలైంది. మా ఊరు రేపల్లె దగ్గర, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల చివర. 1987 ఎన్నికల్లో తాతయ్య మండలాధ్యక్షుడయ్యారు. ఇక రోజూ తెల్లవారేసరికి వసారా నిండిపోయేది. రేషన్ కార్డు, పక్కా ఇల్లు, పింఛను, చివరి పొలాలకు అందని కాలువ నీళ్లు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని, హైస్కూలుకు వచ్చాక అర్జీలు రాసే పని తాతయ్య నాకు అప్పగించారు.

ఒకసారి చేపల వేటకు వెళ్లి తిరిగిరాని మనిషి భార్య పింఛను కోసం వచ్చింది. పండక్కి దాచిన కొత్త లుంగీ ఆ రోజే కట్టుకున్నాడని, వద్దంటే వినలేదని చెప్పింది. అదీ రాశాను. "ఇది ఎమ్మార్వో గారికి అక్కర్లేదమ్మా, కొట్టెయ్" అన్నారు తాతయ్య. ఆయన మాట సరైనదే. ఆ కాగితం చేయాల్సిన పని పింఛను తేవడం. కొట్టేసిన వాక్యాన్ని నా లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. ఆ తరువాత అలాంటివి చాలా చేరాయి.

వసారాలో మాట్లాడినవాళ్లే పెరట్లోకి వచ్చి, నాన్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఇంకో సంగతి చెప్పేవారు. తమ్ముడు గట్టు జరిపాడని తాతయ్య ముందు కోపంగా చెప్పిన మనిషి, ఆ తమ్ముడు తన కూతురి పెళ్లికి రాలేదని పెరట్లో కళ్లు తుడుచుకునేవాడు. గట్టు తగాదా తాతయ్య తీర్చగలరు. రెండోదానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా మందు లేదు. నేను రాసేవన్నీ ఆ రెండో సంగతులే.

నా మొదటి కథ ఒక వారపత్రికలో వచ్చినప్పుడు బాబాయి చదివి, "ఇందులో వడ్డీకిచ్చే ఆయన ఎవరు?" అని అడిగాడు. ఏ ఇంటి ఓటు ఎటు పడుతుందో వేళ్ల మీద లెక్క చెప్పగలిగే మనిషి ఆయన. అర్ధరాత్రి ఎవరికి నొప్పులు వచ్చినా జీపు తీసుకుని వెళ్లేదీ ఆయనే. నాకు తెలిసిన మనుషులంతా ఆయన ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే. అప్పటి నుంచి ఒక మనిషిని ఉన్నదున్నట్టు కథలోకి తీసుకోలేదు. ఒకరి నడక, ఇంకొకరి అప్పు, వేరొకరి మాటతీరు కలుపుతాను.

చాలా ఏళ్లు రాయలేకపోయింది అమ్మ గురించి. 1995లో మహిళలకు మూడో వంతు పదవులు కేటాయించి పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు మా ఊరి స్థానం వాళ్లకు వచ్చింది. అమ్మ సర్పంచ్ అయింది. సంతకం ఎక్కడ పెట్టాలో నాన్న వేలితో చూపించేవారు. మా వైపు భూమిలో ఉప్పునీరే పడుతుంది, తాగడానికి చెరువే దిక్కు. ఒక సమావేశంలో అమ్మ, సిమెంటు రోడ్డు కన్నా ముందు మంచినీళ్ల చెరువు బాగుచేయిద్దామంది. సభ్యులంతా నాన్న వైపు చూశారు. రోడ్డే వేశారు.

మా ఇంట్లో జరిగిన రాజకీయమంతటిలో నాకు అన్నిటికన్నా పెద్దది ఇదే. నాన్న పోయాక, రాయనా అని అమ్మను అడిగాను.

"రాయి. మీ నాన్నను చెడ్డవాణ్ణి చెయ్యకు. చెరువు సంగతి మాత్రం మార్చకు" అంది.