రి నుంచి గ దాకా మూడు మెట్లు: వీణ మీద కాలప్రమాణం (ఎత్తుకున్న వేగం చివరిదాకా నిలవడం), ఆరు వారాల సాధన లెక్క

వాద్యం 24 మెట్ల వీణ; మెట్టంటే తీగను నొక్కే చోట ఉండే అడ్డపట్టీ. రాగం మాయామాళవగౌళ, తాళం ఆది: ఒక ఆవర్తనం (చుట్టు) అంటే ఎనిమిది అక్షరాలు (లెక్కలు). రోజుకు 40 నిమిషాలు. ఒక ఫోన్‌లో మెట్రోనోమ్ (సమాన వ్యవధిలో క్లిక్ కొట్టేది), ఇంకో ఫోన్‌లో రికార్డింగ్. క్లిక్ స్పీకర్‌లోంచే రావాలి. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే రికార్డింగ్‌లో క్లిక్ ఉండదు, దేనితో పోల్చి చూస్తాం? బ్లూటూత్ అయితే ఇంకో చిక్కు: తెర మీద మెరిసే చుక్క ముందూ, చెవిలో క్లిక్ వెనకా.

1వ వారం, వేగం 50 (నిమిషానికి 50 క్లిక్‌లు, అక్షరానికో క్లిక్)

మొదటి సరళీ వరస (స నుంచి పై స దాకా ఎక్కి దిగే తొలి పాఠం), మొదటి కాలం (అన్నిటికన్నా నిదానం). అక్షరానికో స్వరం, ఎక్కి దిగితే 16 స్వరాలు, రెండు ఆవర్తనాలు.

రికార్డింగ్ వింటే మీటు అన్ని చోట్లా వెనకబడలేదు. గ దగ్గర, ని దగ్గర మాత్రమే. ఎందుకో మెట్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. సారణి తీగ (స్వరాలు వాయించే మొదటి తీగ) ఖాళీగా మీటితే స. రి 1వ మెట్టు, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12. రి నుంచి గకి, ద నుంచి నికి మూడేసి మెట్లు దాటాలి. మిగతావన్నీ ఒకటో రెండో. పైగా మొదటి మెట్లు ఎడంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి రి-గ దూరమే అన్నిటికన్నా ఎక్కువ. దీన్ని ‘లయ లేదు’ అనేస్తారు. లయ ఉంది, ఎడమ చెయ్యే ఇంకా చేరలేదు.

మందు: వరస పక్కన పెట్టి, 40 వేగంలో ‘రి గ రి గ’ ఐదు నిమిషాలు, ‘ద ని ద ని’ మూడు నిమిషాలు. ఈ వేగంలో అక్షరం ఒకటిన్నర సెకను. చివరి పావు వంతు వరకు రి నొక్కే ఉంచి, అప్పుడు ఒత్తిడి వదిలి, వేళ్లు తీగను తాకుతూనే జరపాలి. నొక్కిపెట్టి జరిపితే అక్కర్లేని జారు వినిపిస్తుంది. ముందే లేపేస్తే రి కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఇంకో నియమం, దీనికి మినహాయింపు లేదు: కుడిచెయ్యి ఎడమచేతి కోసం ఆగకూడదు. స్వరం తప్పినా సరే, మీటు క్లిక్ మీదే పడాలి.

సరిగ్గా పడిందా లేదా తెలుసుకోవడం తేలిక. పడితే క్లిక్ మీటులో కలిసిపోయి దాదాపు వినిపించదు. రెండూ విడివిడిగా వినిపించాయంటే ఏదో ఒక పక్కకు జరిగినట్టే.

2వ వారం, 50 నుంచి 58

మూడు కాలాలు. మూడో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు, అంటే 16 స్వరాలూ నాలుగు అక్షరాల్లో అయిపోతాయి. వరస ముగిసింది కదా అని అక్కడ ఊపిరి తీసుకుంటే పోయినట్టే, ఇంకా సగం ఆవర్తనం మిగిలి ఉంది. రెండుసార్లు వాయిస్తేనే సమానికి (ఆవర్తనం మొదటి దెబ్బకు) వస్తాం. మూడు ఆవర్తనాలు వరసగా శుభ్రంగా వస్తేనే వేగం 4 పెంచాలి. పది పెంచితే రి-గ దగ్గర పాత రోగం మళ్లీ బయటపడుతుంది.

3వ వారం, వేగం తగ్గించి 44

తాళం తీగలు. గాత్రం వాళ్లకు తొడ మీద తాళం వేసుకోవడానికి చెయ్యి ఉంటుంది. వీణకు రెండు చేతులూ పనిలోనే ఉంటాయి గనుక ఆ పని పక్కనున్న మూడు తీగలది. చిటికెన వేలితో 1, 5, 7 అక్షరాల దగ్గర, అంటే ఆది తాళం భాగాలైన లఘువుకీ (నాలుగు అక్షరాలు) రెండు ద్రుతాలకీ (రెండేసి అక్షరాలు) దెబ్బ పడే చోట్ల మీటాలి. మొదట్లో చిటికెన వేలు కదిలితే మణికట్టంతా కదిలి, చూపుడువేలి మీటు వెనకబడుతుంది. ముందు ఎడమచెయ్యి తీసేసి, ఖాళీ సారణి మీద స ఒక్కటే మీటుతూ, 1, 5, 7 దగ్గర చిటికెన వేలు కలపాలి. రెండు రోజులు ఇదే.

4, 5 వారాలు, వేగం 60

క్లిక్ రెండు ఆవర్తనాలు వినిపించి, రెండు ఆవర్తనాలు మూగగా ఉండేలా పెట్టాలి. ఆ 16 సెకన్లలోనే అసలు సంగతి బయటపడుతుంది. వారానికోసారి స్టాప్‌వాచ్ పరీక్ష: క్లిక్ లేకుండా ఎనిమిది ఆవర్తనాలు వాయించి, తొమ్మిదో సమం దగ్గర ఆపాలి. 64 సెకన్లు రావాలి. 58 వస్తే వేగం 66కి పోయిందన్నమాట. పరుగు ఎక్కువగా అవరోహణలో, చెయ్యి అలవాటుగా దిగే చోట మొదలవుతుంది. అందుకే స ని ద ప ఒక్కటే విడిగా రికార్డు చేసి వినాలి.

6వ వారం, వేగం 50

తిస్రం, అంటే అక్షరానికి మూడు స్వరాలు. అక్షరానికి రెండు నుంచి మూడుకు మారితే ‘తకిట’ కాస్తా ‘తక-ట’ అయిపోతుంది: రెండు పొట్టి, ఒకటి పొడుగు. వీణ ముట్టకుండా రెండు నిమిషాలు చప్పట్లతో నోటితో చెప్పాలి. నోట్లో సమంగా రానిది వేళ్లలో రాదు.

తర్వాత ఝంపె అలంకారం (ఝంపె తాళంలో స్వరాల పాఠం): లఘువు 7 + అనుద్రుతం 1 + ద్రుతం 2, పది అక్షరాలు. మిశ్ర (ఏడు అక్షరాల) లఘువులో దెబ్బ తర్వాత ఆరు వేళ్లు: చిటికెన, ఉంగరం, నడిమి, చూపుడు, బొటన, మళ్లీ చిటికెన. ఆ రెండో చిటికెన వేలు మర్చిపోయి ఆరుకే అనుద్రుతంలోకి దూకడం ఇక్కడ మామూలు తప్పు.

వచ్చే వారానికి: ధ్రువ తాళం, 14 అక్షరాలు, 44 దగ్గర. ‘ద ని’ మూడు నిమిషాలు మానకూడదు, 8 నుంచి 11కి ఇంకా వెంట్రుకవాసి ఆలస్యం ఉంది.