ముఠా చీలలేదు

ఏప్రిల్ ఆఖర్లో విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా పాలకొల్లు వెళ్లాను. కైకలూరు దగ్గర కిటికీకి రెండు పక్కలా చేపల చెరువులే. ఆకివీడు దాటాక దాళ్వా (రెండో పంట) కోతలు కనిపించాయి. కోతలంటే చేలో ఒక హార్వెస్టరు, గట్టు మీద ఒక ట్రాక్టరు, గొడుగేసుకుని నిలబడ్డ ఒక రైతు. కొడవలి పట్టుకున్న మనిషి భీమవరం దాకా ఒక్కరూ కనబడలేదు.

మా మేనమామ పాలకొల్లులో రైస్ మిల్లు ముఠా కార్మికుల సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా చేశాడు. "ఒక్కసారి మే డేకి రారా, చూద్దువుగాని" అని ఎన్నేళ్లుగానో పిలుస్తున్నాడు. నేనూ ఊరికే వెళ్లలేదు, కమ్యూనిస్టు పార్టీ చీలిక కథంతా చదువుకుని వెళ్లాను. 1964 ఏప్రిల్లో జాతీయ సమితి సమావేశం నుంచి 32 మంది లేచి వచ్చేయడం, జూలైలో తెనాలి సభ, ఆ ఏడాది చివరికల్లా ఒక పార్టీకి (సీపీఎం) సుందరయ్య, ఇంకో పార్టీకి (సీపీఐ) చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శులు కావడం. ఇద్దరూ తెలుగువాళ్లే. చైనా మాటేమిటి, రష్యా మాటేమిటి, కాంగ్రెస్‌తో ఎలా ఉండాలి? గొడవంతా వీటి మీదే అని నా లెక్క.

రాత్రి పనసపొట్టు కూరతో భోంచేస్తూ ఇదంతా చెబితే మావయ్య నవ్వాడు. "అవన్నీ పెద్దల గొడవలురా అల్లుడూ. మా నెత్తి మీద పడింది డెబ్బైలో."

ఆయన అన్నదాంట్లో నిజముంది. పార్టీ 1964లో రెండైనా, 1920లో పుట్టిన కార్మిక సంఘం ఏఐటీయూసీ మరో ఆరేళ్లు ఒక్కటిగానే నడిచింది. 1970 మేలో కలకత్తాలో సీపీఎం వైపు సీఐటీయూ ఏర్పడ్డాకే కార్మికుల్లోకి రెండో ఎర్రజెండా సంఘం వచ్చింది. పార్టీ చీలితే సభ్యులు చెరోవైపు సర్దుకుంటారు. ముఠా చీలితే లారీ ఎవరు దించుతారు?

ముఠా అంటే తెలియనివాళ్లకి చెబుతాను. మిల్లుకి ధాన్యం లారీ వస్తే ఫలానా మనిషికి ఇన్ని బస్తాలు అని ఉండదు. లోడు మొత్తానికి కూలి కడతారు. ఆ డబ్బంతా సాయంత్రం మేస్త్రి ఇంటి అరుగు మీద పోసి సమానంగా పంచుకుంటారు. ఆవేళ నడుం పట్టేసి నాలుగు బస్తాలే మోసినవాడికీ అదే వాటా. మావయ్య దగ్గర ఆనాటి వాటాల పుస్తకం ఇంకా ఉంది. బైండు ఊడిపోయి ట్వైన్ దారంతో కట్టి ఉంది. ఒక్కో పేజీలో ముప్ఫై ఎనిమిది పేర్లు, పేర్ల పక్కన వేలిముద్రలు. రెండు పేర్లకి ఎర్ర సిరాతో గీత కొట్టి ఉంటే ఎందుకని అడిగాను. "వాళ్లు పోయారు. వాళ్ల ఆడవాళ్లకి ఆర్నెల్లు వాటా ఇచ్చాం, కింద చూడు."

సంఘం రెండయ్యాక రెండు వైపుల నాయకులూ ముఠా దగ్గరికి ఒకే రాత్రి వచ్చారట. సిద్ధాంతం రెండు గంటలు నడిచింది. అంతా విని మేస్త్రి ఒక్కటే అడిగాడు. "రేపు లేబర్ ఆఫీసులో రేటు మాట్లాడాలండి. మీలో ఎవరొస్తారు?" ఒకాయనకి పొద్దున్నే వేరే ఊళ్లో మీటింగుంది. ఇంకొకాయన వస్తానన్నాడు. ముప్ఫై ఎనిమిది మందీ ఆయన జెండా కిందికి వెళ్లిపోయారు.

మావయ్య మాత్రం ఇరుక్కుపోయాడు. ఆయన పార్టీ కార్డు రెండో పక్షానిది. నాలుగేళ్లపాటు ఒక పార్టీకి లెవీ (సభ్యుడు పార్టీకి కట్టే వాటా) కట్టి, ఇంకో పార్టీ సంఘానికి చందా రసీదులు రాశాడు. రెండు చోట్లా అనుమానంగానే చూసేవారట. చివరికి పార్టీ మారాడు. "నచ్చి మారావా?" అన్నాను. "నచ్చడమేంట్రా, ముఠా అక్కడుంటే నేను ఇక్కడేం చేస్తాను?"

అక్కడితో కథ ముగిస్తే ముచ్చటగానే ఉండేది. తర్వాత చెప్పింది నాకు అంతగా రుచించలేదు. ఒకసారి వార్డు ఎన్నికలకి కమిటీ ఒక కుర్రాణ్ణి అనుకుంది. చదువుకున్నవాడు, పేటలో మంచినీళ్ల కోసం తిరిగినవాడు. ముఠా ఒప్పుకోలేదు. మేస్త్రి అల్లుడికే టికెట్ అంది. జెండాలు మోసేదీ, చందా ఇచ్చేదీ, సభకి జనాన్ని తెచ్చేదీ వాళ్లే. కమిటీ కాసేపు గింజుకుని ఒప్పేసుకుంది. అల్లుడు ఓడిపోయాడు, కుర్రాడు పార్టీ వదిలి వెళ్లిపోయాడు. ట్రేడ్ యూనియన్ చట్టం, 1926 నాటిది, రాజకీయ నిధిని సంఘం సాధారణ నిధి నుంచి వేరుగా ఉంచమనేది. మావయ్య బీరువాలో రెండు రసీదు పుస్తకాలూ విడివిడిగానే ఉన్నాయి. ఆ చట్టం రాసినవాళ్లు మేస్త్రుల్ని చూసి ఉండరు.

మర్నాడు చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి వెళ్లాను. వశిష్ట గోదావరి వేసవికి సన్నబడి మధ్యలో ఇసుక తేలింది. తాటిపాక, పి.గన్నవరం దాటి అంబాజీపేటలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఒక కొబ్బరి కొట్టు వెనక నలుగురు కాయలు ఒలుస్తున్నారు. నేలలో నిటారుగా పాతిన గునపం మీద కాయని పొడిచి ఒక్క మెలి తిప్పితే పీచు సగం ఊడొస్తుంది. మూడో పోటుకి కాయ బయటికొస్తుంది. వీళ్లది ముఠా లెక్క కాదు, ఎవరి కాయలు వాళ్లవే. ఒకాయన నూరు కాయలకొకసారి గోడ మీద బొగ్గుతో గీత పెడుతున్నాడు. ఇక్కడ ఎన్ని సంఘాలున్నాయని అడిగితే తలెత్తకుండానే, "ఎవరికాళ్లేనండి" అన్నాడు. పంచుకునే డబ్బే లేనప్పుడు చీలడానికి అడ్డేముంది?

అక్కణ్ణుంచి ఒక పార్టీ ఆఫీసుకి వెళ్లాను. ఏ పార్టీదో, ఏ ఊళ్లోదో చెప్పను. వరండాలో ఒకే గోడకి మూడు బోర్డులు: రైతు సంఘం, కౌలు రైతుల సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం. "ఆయ్, రండి, కూర్చోండి" అని ఒక పెద్దాయన కుర్చీ లాగాడు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని క్రాప్ హాలిడే ప్రకటించి ఖరీఫ్ వేయలేదు కదా, అప్పుడు మీరేం చేశారని అడిగాను. ఆయన బయటున్న బోర్డుల వైపు చూపించాడు. మొదటి బోర్డువాళ్లు రైతుకి మద్దతు ధర కావాలని కరపత్రం రాశారు. మూడో బోర్డువాళ్లు పని పోయిన కూలీకి పరిహారం కావాలని రాశారు. "రెండూ నేనే టైపు చేశానండి. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి." కూలి రేటు పెంచమంటే ఇవ్వాల్సింది పక్క బోర్డువాడే. రష్యా, చైనాల మీద తగువు ఎప్పుడో పాతబడింది. ఈ తగువు మాత్రం ప్రతి ఊడ్పులకీ కొత్తగా వస్తుంది. దీని మీద ఎవరూ వాకౌట్ చేయరు, టీ తాగి లేచిపోతారు.

నేనున్నప్పుడే ఒక అంగన్‌వాడీ టీచరు చందా పుస్తకం అప్పజెప్పడానికి వచ్చింది. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు నడిచిన సమ్మె గురించి అడిగాను. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఇంకో కార్మిక సంఘం ఇఫ్టూ కలిసి చేశాయి. మధ్యలో ప్రభుత్వం సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టింది. "జెండాలు మూడేనండి, టెంటు మాత్రం ఒక్కటే. వంట కూడా ఒక్క చోటే" అంది. ఆమె పుస్తకంలో నూట నలభై పేర్లున్నాయి, అన్నీ ఆడవాళ్లవే. గోడ మీద ఆ ఆఫీసు కమిటీ ఫొటో ఉంది. పదకొండు మంది, అందరూ మగవాళ్లే. నేను ఫొటో వైపు చూడటం చూసి పెద్దాయన, "వచ్చే మహాసభలో మారుస్తామండి" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. చిల్లర లెక్కపెట్టి, రసీదు తీసుకుని బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

మే డే పొద్దున్న మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆరింటికే తయారయ్యాడు. సెంటర్లో రెండు జెండా దిమ్మలు, మధ్యన ఒక కిళ్లీ కొట్టు. ఒక దిమ్మ దగ్గర ఎనిమిదింటికి, రెండోదాని దగ్గర ఎనిమిదిన్నరకి. అరగంట తేడా ఎందుకని అడిగాను.

"ఊళ్లో మైకు సెట్టు ఒక్కడిదేరా."

మొదటి సభలో నినాదాలు ముగిసీ ముగియగానే మైకు కుర్రాడు వైరు చుట్టేసి, బాక్సు భుజానికెత్తుకుని కిళ్లీ కొట్టు ముందునుంచి అవతలి దిమ్మకి నడిచాడు. మావయ్య చేతిలో లడ్డూ పట్టుకుని వాడి వెనకే వెళుతున్నాడు.

"నువ్వెక్కడికి మావయ్యా? మనది అయిపోయిందిగా."

"వాటాల పుస్తకంలో ఆఖరివాడు అక్కడున్నాడురా, పలకరించొస్తాను."