వెలగని లైటు ముందు నలభై నిమిషాలు

రాత్రి రిసెప్షన్ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఒంటిగంట. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. మద్రాసు పోయి రివర్బ్ పెడల్ కొని పది రోజులైంది. పెద్ద హాల్లో వాయించినట్టు గిటారు శబ్దాన్ని మోగుతూ సాగేలా చేసే చిన్న డబ్బా అది, కాలితో తొక్కి వాడతారు. ఆ షాపులో నాకు జరిగింది మా అక్క కొడుకు ఇప్పటికే మా పేట కొర్లగుంటంతా చాటేశాడు కాబట్టి దాచి లాభం లేదు.

పందొమ్మిదేళ్ళుగా తిరుపతిలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయిస్తున్నాను. నా పాత జూమ్ మల్టీ ఎఫెక్ట్స్‌లో (రకరకాల సౌండ్లు ఒకే డబ్బాలో ఉండేది) రివర్బ్ వేస్తే రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు ఉంటుంది. సంగీత కళాశాల ఉన్న ఊరు కదా, వీణకో మృదంగానికో అయితే కొదవ లేదు. గిటారు పెడల్ కావాలంటే మాత్రం ఒక అంగట్లో పెద్దాయన "సైకిల్‌దా నాయనా?" అన్నాడు. ఒట్టు.

నెలరోజులు వీడియోలు చూసి మూడు తేల్చుకున్నాను: ఎలక్ట్రో హార్మోనిక్స్ హోలీ గ్రెయిల్ నానో, టీసీ ఎలక్ట్రానిక్ హాల్ ఆఫ్ ఫేమ్ 2, బాస్ ఆర్‌వీ-6. పొద్దున్నే మేనల్లుడితో మద్రాసు రైలెక్కాను.

షాపులో కుర్రాడు మూడింటినీ వరసగా బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి, ఒక ఫెండర్ ఆంప్‌కి (గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) కలిపి, ఫోను చూసుకుంటూ పోయాడు. నేను స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. హోలీ గ్రెయిల్ నాబ్ తిప్పి వాయించి, "ఇది కొంచెం పాతకాలం సౌండు" అన్నాను. హాల్ ఆఫ్ ఫేమ్ దగ్గరికొచ్చి, "దీంట్లో లోతుంది, విన్నావా?" అన్నాను. ఆర్‌వీ-6లో ఎనిమిది మోడ్‌లు, అంటే ఎనిమిది రకాల రివర్బ్. ఒక్కోటీ తిప్పి, రేకు మోగినట్టుండే ప్లేట్‌కీ, పెద్ద హాల్లో మోగినట్టుండే హాల్‌కీ తేడా ఏమిటో మేనల్లుడికి పాఠం చెప్పాను. పక్కన కీబోర్డు చూస్తున్న ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. వినేవాళ్ళు దొరికితే నా నోరు ఆగదు, అది నాకున్న జబ్బు.

నలభై నిమిషాల తర్వాత మేనల్లుడు మెల్లిగా, "మామా, ఆ ఎర్ర లైటు వెలగాల కదా?" అన్నాడు.

మూడింట్లో ఒక్కటి కూడా ఆన్‌లో లేదు. కాలితో స్విచ్ తొక్కితేనే అవి పనిచేస్తాయి. లేకపోతే గిటారు శబ్దం ఉన్నదున్నట్టు ఆంప్‌కి పోతుంది. ఇంట్లో జూమ్‌కి కరెంటు ఇస్తే చాలు, ఏదో ఒక సౌండు దానంతటదే వేసుకుంటుంది. ఆ అలవాటు నన్ను ముంచింది. మరి నేను విన్న రివర్బ్ ఎక్కడిది? కాలేజీ పిల్లల్లో ఒకడు నవ్వాపుకుంటూ వచ్చి ఆంప్ నెత్తిన పిడికిలితో చిన్నగా తట్టాడు. లోపల ఉరిమినట్టయింది. ఆంప్‌లో ఉన్న స్ప్రింగులవి, రివర్బ్ పుట్టించేవి అవే. 1963లో వైబ్రోవెర్బ్‌తో ఫెండర్ వాళ్ళు ఆంప్‌లోనే రివర్బ్ పెట్టడం మొదలెట్టారని ఇదే నోటితో రైల్లో మేనల్లుడికి చెప్పాను. ఈ ఆంప్ మీది రివర్బ్ నాబ్ సగానికి పైనే ఉంది. నేను మూడు రకాలుగా వర్ణించింది ఒకే సౌండుని.

షాపు కుర్రాడు అంతా చూస్తూనే ఉన్నాడు. "సార్ టెస్ట్ చేస్తున్నారనుకున్నా" అన్నాడు. ఏం టెస్టు? వాడి మీద కోపం ఇంకా చల్లారలేదు.

చెవులు మండుతుండగా ఆంప్ రివర్బ్ సున్నాకి దించి మళ్ళీ విన్నాను. హోలీ గ్రెయిల్‌కి ఒకటే నాబ్, గొడవ లేదు, స్ప్రింగ్ సౌండు ముద్దొచ్చింది. కానీ రివర్బ్ ఎంతసేపు సాగాలో విడిగా చెప్పలేం. హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్విచ్‌ని అదిమి పట్టుకుంటే సౌండు మారుతూ పోతుంది. స్టేజీ మీద చెప్పులేసుకుని వాయించే నాకు అది ప్రమాదం. ఆర్‌వీ-6 తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి ఆ షాపులోంచి బయటపడితే చాలనిపించింది.

అడాప్టర్ సంగతి ఒక్క ముక్క: 9 వోల్టులు, మధ్యలో మైనస్ ఉండాలి. మా కీబోర్డు ఆయన యమహా అడాప్టర్ 12 వోల్టులు, మధ్యలో ప్లస్. పిన్ను పడుతోంది కదా అని గుచ్చకండి.

నిన్న రాత్రి మొదటిసారి కల్యాణ మండపంలో వాడాను. సాయంత్రం సౌండ్ చెక్‌లో హాల్ మోడ్ పెడితే కీబోర్డు ఆయన, "అన్నా, నీ గిటారు బావిలోంచి వస్తాంది" అన్నాడు. పాలరాతి నేల, ఎత్తు పైకప్పు. మండపమే పెద్ద రివర్బ్. దాని మీద నేనింకోటి పోస్తున్నాను. వీడియోల వాళ్ళందరూ పరుపు పక్కన కూర్చుని వాయిస్తారు, ఈ ముక్క ఒక్కడూ చెప్పడు. రూమ్ మోడ్‌కి మార్చి, ఈ-లెవెల్ (రివర్బ్ ఎంత కలవాలో చెప్పే నాబ్) బాగా తగ్గించి, టైమ్ (అది ఎంతసేపు సాగాలో చెప్పేది) కురచ చేశాను. అప్పుడు నోట్లు విడివిడిగా వినబడ్డాయి.

ఎనిమిదింటికి కుర్చీలన్నీ నిండాక గిటారు ఉన్నట్టుండి పొడిగా అయిపోయింది. అంతమంది మనుషులు, పట్టుచీరలు శబ్దాన్ని పీల్చేస్తారు మరి. లెవెల్ కొంచెం పెంచాను. పదింటికి భోజనాలకు పిలిచారు, హాలు ఖాళీ అయింది, మళ్ళీ బావి. ఈసారి ఎవరూ చెప్పకముందే స్విచ్ తొక్కి, లైటు ఆరిందో లేదో వంగి మరీ చూసుకున్నాను. స్టేజీ పక్కన మేనల్లుడు నవ్వుతున్నాడు.