మూడో అంతస్తులో ఇరవై టన్నుల రాయి

హ్యూస్టన్‌లో గ్రానైట్ దిగుమతి చేసే సంస్థలో కాగితాల పని నాది. సరుకు ఎక్కువగా ప్రకాశం జిల్లా చీమకుర్తిది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ. రాళ్ల నాణ్యత చూడటానికి వేరేవాళ్లున్నారు, నేను చూసేది చిరునామాలు.

సముద్రం మీద అమెరికాకు వచ్చే సరుకుకు ముందే ఇంపోర్టర్ సెక్యూరిటీ ఫైలింగ్ చేయాలి, అంటే భద్రత కోసం ఆ సరుకు వివరాలు కస్టమ్స్‌కు పంపాలి. మా వాడుకలో టెన్ ప్లస్ టూ. 2006 నాటి సేఫ్ పోర్ట్ చట్టం నుంచి పుట్టిన ఈ నిబంధన 2009 జనవరి 26న అమల్లోకి వచ్చింది. పది వివరాలు దిగుమతిదారువి, రెండు ఓడవాళ్లవి. మా పదింటిలో ఎనిమిది, కంటైనర్ ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అమెరికా కస్టమ్స్‌కు చేరాలి. కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారితే, అమెరికా వచ్చే ఓడను బట్టే ఆ లెక్క. ఇంకా టైముందిలే అని కొందరు కాళ్లు చాపుకుని కూర్చునేది ఈ వెసులుబాటు చూసుకునే.

చిక్కంతా చిన్న చిన్న ప్రశ్నల దగ్గర. ఇన్‌వాయిస్ చెన్నైలోని ఎగుమతి కంపెనీ పేరున ఉంటుంది, పలకలు కోసి మెరుగుపెట్టింది ఒంగోలు దగ్గరి ఫ్యాక్టరీ. అమ్మినవారు ఒకరు, తయారుచేసినవారు మరొకరు. ఒకే కంటైనర్‌లో రెండు ఫ్యాక్టరీల పలకలుంటే రెండు పేర్లూ విడివిడిగా, ఏ పేరుకు ఆ సరుకు కోడ్ జతచేసి రాయాలి. ఇక కంటైనర్ ఎక్కడ నింపారని అడిగితే వచ్చేది ఆఫీసు చిరునామా, అదీ మూడో అంతస్తు! ఇరవై టన్నుల రాయిని ఏ లిఫ్టులో ఎక్కించారో మరి. నింపిన చోటు, నింపించినవారి పేరు మాత్రం ఓడ అమెరికా రేవు చేరడానికి 24 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. అయినా నేను అన్నీ ఒకేసారి రాబడతాను.

ఆలస్యమైనా, తప్పులున్నా 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. జాప్యం ఎవరిదైనా వసూలు దిగుమతిదారు కస్టమ్స్‌కు హామీగా ఇచ్చిన బాండ్ నుంచే. ఇది అన్యాయమని వ్యాపారులు గొణుగుతుంటారు. నాకలా అనిపించదు. డబ్బిచ్చేది కొనేవాడే కాబట్టి ఫ్యాక్టరీ చిరునామా ఆర్డరు రోజే అడగవచ్చు. మేం అలాగే చేస్తున్నాం, ఫారంలో ఆ గడులు నిండితేనే అడ్వాన్సు కదులుతుంది.

"ఓడ పేరే తెలియదు, ఇప్పుడే ఎందుకు మేడమ్?" అని ఎగుమతి ఆఫీసు కుర్రాడు విసుక్కున్నాడు.

"ఓడ సంగతి తర్వాత చూద్దాం బాబూ, ఫ్యాక్టరీ ఎక్కడికీ కదలదుగా" అన్నాను.

హౌస్ బి.ఎల్., అంటే సరుకు పంపే ఏజెంటు ఇచ్చే రవాణా పత్రం (బిల్ ఆఫ్ లేడింగ్), దాని నంబరుకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. బుకింగ్ అయ్యాకే అది పుడుతుంది. అందులో ఒక్క అంకె తేడా వచ్చినా మా ఫైలింగ్, ఓడవాళ్ల సరుకు జాబితా (మానిఫెస్ట్) కలవవు. అందుకే ఫోనులో చదివించుకుని సరిచూస్తాను. వేసవిలో అక్కడ పదింటికి ఆఫీసు తెరిచేసరికి ఇక్కడ రాత్రి పదకొండున్నర.